ఊట నీళ్ల రంగు

(ఇంజనీర్స్ డే నాడు ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ విద్యార్థులకు నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకు వినపడుతోందా? సరే.

ఇందాక పరిచయం చేస్తూ మాస్టారు, "సార్ అమెరికాలో డ్యాములు చూసొచ్చారు" అన్నారు. డ్యాములు కాదండీ, ఒక్కటే చూశాను. అది కూడా అక్కడ లేదు. (నవ్వులు) నిజంగానే లేదు. కూలిపోయి తొంభై ఏళ్లు దాటింది. నేను చూడ్డానికి వెళ్లింది అది ఉండిన చోటును.

మా అమ్మాయి వాళ్లు కాలిఫోర్నియాలో వలెన్సియాలో ఉంటారు. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన, సాంటా క్లారిటా ఊళ్లో ఒక భాగం అది. మన తెలుగువాళ్లు కూడా బాగానే ఉన్నారక్కడ. వెళ్లిన వారంలోనే మా అల్లుడు, "మామయ్య గారూ, శనివారం యూనివర్సల్ స్టూడియోస్‌కి పోదామా, బీచ్‌కి పోదామా?" అని అడిగాడు. "సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్‌కి పోదాం" అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఆ ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాడు, ఆ పేరు వినలేదు. ఫోన్‌లో వెతికి చూసి, "ఇంటికి అరగంట కూడా లేదండీ!" అన్నాడు. కాసేపాగి, "అక్కడ రాళ్లు తప్ప ఏం లేవట" అన్నాడు. ఆ రాళ్ల కోసమే పోదామన్నాను.

నాకు ఆ పేరు కాలేజీలో చదువుకున్నప్పటి నుంచీ తెలుసు. గ్రావిటీ డ్యాముల (తమ బరువుతోనే నిలబడే డ్యాముల) పాఠంలో అప్‌లిఫ్ట్ గురించి, అంటే నీళ్లు కింది నుంచి డ్యామ్‌ను పైకి తోసే బలం గురించి చెబుతూ మా మాస్టారు ఒక్క వాక్యం చెప్పి వదిలేశారు: "అప్‌లిఫ్ట్‌ని లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో సెయింట్ ఫ్రాన్సిస్‌ని అడగండి" అని. పరీక్షలో రాలేదు కాబట్టి మేమూ అడగలేదు.

ముందు ఆ డ్యామ్ ఎవరు కట్టారో చెబుతాను. విలియమ్ ముల్హోలాండ్. ఐర్లండ్‌లో 1855లో పుట్టాడు. మన విశ్వేశ్వరయ్య గారి కంటే ఆరేళ్లు పెద్ద. కాలేజీ మెట్లెక్కలేదు. 1877లో లాస్ ఏంజెలెస్ చేరి, నీళ్ల కంపెనీలో కాలువ పూడిక తీసే పనికి కుదిరాడు. పగలు పారతో పని, రాత్రి పుస్తకాలతో చదువు. అలా పైకొచ్చి, ఆ ఊరి నీటి శాఖకు పెద్ద అయ్యాడు. 233 మైళ్ల దూరం నుంచి, ఒక్క పంపు కూడా లేకుండా, వాలు మీదే నీళ్లు తెచ్చాడు. 1913 నవంబరు 5న ఆ నీళ్లు మొదటిసారి దిగుతుంటే వేల మంది జనం చేరారు. ఆయన చేసిన ఉపన్యాసం ఒక్క ముక్క: "అదిగో. తీసుకోండి." నా ఉపన్యాసం అంత చిన్నది కాదు, క్షమించాలి. (నవ్వులు)

ఆ కాలువ లేకపోతే ఈ రోజు లాస్ ఏంజెలెస్ లేదు. ఆ మనిషి నాకు ఇష్టం, దాచుకోను. కాలువ గట్టు మీద మొదలై చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగినవాణ్ణి చూస్తే మా శాఖలో ఎవరికైనా గౌరవం కలుగుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. 1920లు వచ్చేసరికి ఆ ఊళ్లో నీళ్ల విషయంలో ఆయన మాటకు ఎదురు లేదు. ఆయన కట్టేది సరిగ్గా ఉందా అని బయటివాళ్లతో చూపించాలనే ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. మునిసిపాలిటీ తన సొంతానికి డ్యామ్ కట్టుకుంటే రాష్ట్రం తనిఖీ చేయాల్సిన పని లేదని అప్పటి చట్టం. అంటే పైన ఎవరూ లేరు. కింద అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ కాలువకు నీళ్లు పోగొట్టుకున్న ఓవెన్స్ లోయ రైతులు కోపంతో కాలువను డైనమైట్‌తో పేల్చేవాళ్లు. పైగా కాలువ, భూకంపాలు పుట్టే శాన్ ఆండ్రియాస్ భ్రంశాన్ని దాటి వస్తుంది. ఎప్పుడేం జరిగినా ఊరికి ఏడాది పాటు సరిపడా నీళ్లు దగ్గర్లో ఉండాలని శాన్ ఫ్రాన్సిస్కీటో అనే లోయలో డ్యామ్ తలపెట్టాడు. 1924లో మొదలై 1926లో పూర్తయింది. కాంక్రీటు గ్రావిటీ డ్యామ్, పై నుంచి చూస్తే వంపు తిరిగి ఉంటుంది. ఎత్తు 200 అడుగులకు అటూ ఇటూ.

ఎంత నీళ్లనుకుంటున్నారు? వాళ్ల లెక్కలో 38 వేల ఎకర్ ఫీట్లు. మన లెక్కలోకి మార్చి చూశాను, ఒకటిన్నర టీఎంసీ పైచిలుకు. మన హిమాయత్‌సాగర్‌లో సగానికి కాస్త ఎక్కువ. హిమాయత్‌సాగర్ పూర్తయింది 1927లో, ఇంచుమించు ఒకే కాలం. అక్కడ ఒక ఊరు దాహం తీర్చడానికి డ్యామ్ కడుతోంది. ఇక్కడ 1908లో మూసీ కొట్టుకుపోయాక, పైనున్న గొలుసు చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగితే ఏమవుతుందో చూశాక, వరద ఆపడానికి కడుతున్నారు. ఇక్కడ ముంపు చూసినవాళ్లు కట్టారు. అంతకంటే నేనేం అనను.

ఇప్పుడు ఒక అంకె చెబుతాను, రాసుకోండి. 20 అడుగులు. కడుతూ ఉండగానే ఇంకా నీళ్లు కావాలని డ్యామ్ ఎత్తు పెంచారు. ఒకసారి పది, మళ్లీ ఒకసారి పది. పునాది వెడల్పు మాత్రం పెంచలేదు. మీలో డిజైన్ క్లాసులో నిద్రపోనివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎత్తు పెరిగితే నీటి నెట్టుడు ఎలా పెరుగుతుంది? ఆ, వర్గంగా పెరుగుతుంది. డ్యామ్‌ను తిరగదోసే శక్తి ఘనంగా పెరుగుతుంది. బరువేమో అదే పునాది మీద కూర్చుంది.

ఇక మా మాస్టారు చెప్పిన అప్‌లిఫ్ట్. దీనికి పుస్తకం అక్కర్లేదు. ఇంట్లో గంగాళం నిండా నీళ్లు పోసి ఖాళీ బిందెను అడుగు దాకా ముంచండి. చేతిని పైకి తోస్తుంది కదా? డ్యామ్ కింద రాతి నెర్రెల్లోకి దూరిన నీళ్లు డ్యామ్‌ను అలాగే పైకి తోస్తాయి. బరువు మీద నిలబడాల్సిన కట్టడం తన బరువు పోగొట్టుకుంటుంది. అందుకే పునాదిలో సిమెంటు పాలు ఎక్కించి తెర కడతాం, డ్రెయిన్లు పెడతాం, లోపల గ్యాలరీలో నడుస్తూ ఊటను కొలుస్తాం. సెయింట్ ఫ్రాన్సిస్‌లో డ్రెయిన్లు మధ్య భాగం కిందే పెట్టారు. రెండు పక్కల కొండలకు ఆనుకున్న భాగాల కింద లేవు. సిమెంటు తెర లేదు, గ్యాలరీ లేదు. ఇవి జ్ఞాపకం పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మేం వెళ్లింది మార్చి నెలలో. అక్కడ చలి తగ్గి కొండలు పచ్చబడే రోజులు. లోయలో వాగు పక్కనే పాత రోడ్డు ఉంది. 2005 వానలకు కోసుకుపోతే దాన్ని వదిలేసి కొత్త రోడ్డు వేశారు. పాత రోడ్డుకు అడ్డంగా గేటు ఉంది, కారు అక్కడ ఆపి నడవాలి. తారు పగిలి, పగుళ్లలో గడ్డి మొలిచి, మన పాత ప్రాజెక్టు కాలనీ రోడ్లు ఎలా ఉంటాయో అలాగే ఉంది. మా మనవడికి అది బాగా నచ్చింది, కార్లు రాని రోడ్డు కదా, మధ్యలో పరిగెత్తాడు. వాగులో మోకాలి లోతు నీళ్లు లేవు. ఇంత చిన్న వాగుకా అంత డ్యామ్ అనిపిస్తుంది. నీళ్లన్నీ కాలువ తెచ్చినవే కదా.

మొదట కనిపించినప్పుడు అవి కొండరాళ్లే అనుకున్నాను. దగ్గరికి వెళితే తెలిసింది, కాంక్రీటు. ఇల్లంత ముక్కలు. వాగు పక్కన, పొదల్లో, కొన్ని సగం భూమిలో కూరుకుపోయి. ఒకదాని మీద మెట్లు కనిపించాయి. ఆ డ్యామ్ కింది ముఖాన్ని మెట్లు మెట్లుగా పోశారు, ఆ మెట్లే. మా అల్లుడు నన్ను పట్టుకుని ఎక్కించబోయాడు, నేను వద్దన్నాను. చేత్తో తడిమి చూశాను. కంకర గులకరాళ్లు వాగువి, నున్నగా ఉన్నాయి. కాంక్రీటు చెడిపోలేదు. ఈ సంగతి మీకు గట్టిగా చెప్పాలి. తొంభై ఏళ్ల తర్వాత గోరు దిగలేదు. డ్యామ్ కాంక్రీటులో ఓడిపోలేదు, అది ఆనుకున్న నేల దగ్గర ఓడిపోయింది. వేల టన్నుల ముక్కలు అర మైలు పైగా కొట్టుకుపోయాయి.

పడమటి కొండ మీద పొడుగాటి రెక్క గోడ ఇంకా కొంత మిగిలి ఉంది. అసలు డ్యామ్‌లో మధ్య ముక్క ఒక్కటే కూలకుండా నిటారుగా నిలబడిందట. డ్రెయిన్లున్న ముక్క అదే, చూడండి! జనం దానికి సమాధి రాయి అని పేరు పెట్టారు. ఆ తర్వాత చూడ్డానికి వచ్చిన ఒక కుర్రాడు దాని మీంచి పడి చనిపోతే, 1929 మేలో డైనమైట్‌తో పడగొట్టారు. ఊరికి అది కళ్లెదుట ఉండటం ఇష్టం లేకపోవడం కూడా కారణమే.

పడమటి వైపు రాయి ఎర్రగా ఉంటుంది. గులకరాళ్లు, మట్టి కలిసి గట్టిపడిన రాయి, మనం కాంగ్లోమరేట్ అంటాం. ఎండినప్పుడు సుత్తితో కొట్టినా పగలదు. 1928లో విచారణ జరిపినవాళ్లు ఆ రాతి ముక్కను గ్లాసు నీళ్లలో వేసి చూపించారు. కాసేపట్లో విడిపోయి బురదయింది. నేను అది చదివి ఊరుకోలేకపోయాను. రోడ్డు గట్టున ఉసిరికాయంత పెళ్ల ఒకటి దొరికితే, మనవడి మంచినీళ్ల సీసా మూతలో పెట్టి నీళ్లు పోశాను. మొదట బుడగలు వచ్చాయి. ఒక మూల రాలింది. మా అమ్మాయి, "నాన్నా, ఆ మూత వాడు తాగే సీసాదే" అని కేకలేస్తోంది. రెండు మూడు నిమిషాలకు మూత అడుగున ఎర్రటి గుజ్జు, నాలుగు చిన్న రాళ్లు మిగిలాయి. నలభై ఏళ్లు ఇంజనీరు పని చేశాను, నాకు వెన్ను జలదరించింది. ఈ రాయి మీద ఒకటిన్నర టీఎంసీ!

తూర్పు వైపు వేరే కథ. అక్కడ షిస్టు అనే రాయి, అభ్రకం మెరుపుతో రేకులు రేకులుగా ఉంటుంది. పేక ముక్కల దొంతరను ఏటవాలుగా పెడితే ఎలా ఉంటుందో అలా, రేకులన్నీ లోయలోకి వాలి ఉంటాయి. వేల ఏళ్ల కిందటే ఆ కొండ చరియ ఒకసారి జారి ఆగిందని, డ్యామ్ తూర్పు భుజం ఆ పాత చరియ మీదే ఆనిందని 1990ల్లో జె. డేవిడ్ రోజర్స్ అనే ఇంజనీరింగ్ భూగర్భ శాస్త్రవేత్త తేల్చారు. నీళ్లు నిండి రేకుల మధ్యకు దిగేసరికి చరియ మళ్లీ కదిలింది. 1928 నాటి విచారణలు పడమటి ఎర్ర రాయిని తప్పు పట్టాయి. రోజర్స్ లెక్క ప్రకారం మొదట తెగింది తూర్పున. నాకు రోజర్స్ మాట సరైనదిగా తోస్తోంది. అయితే పడమటి రాయి మంచిదని ఎవరూ అనలేదు, నేను మూతలో చూశాను కదా.

ఇక ఆ రోజు. 1928 మార్చి 12, సోమవారం.

జలాశయం అంతకు ముందే నిండింది. అదనపు నీళ్లు బయటికి పోయే స్పిల్‌వే అంచుకు కొన్ని అంగుళాలు తక్కువ, అంతే. డ్యామ్ కాపలాకు టోనీ హార్నిష్‌ఫెగర్ అనే ఆయన ఉండేవాడు. మన భాషలో లస్కరు. డ్యామ్‌కు పావు మైలు దిగువన, లోయలోనే ఇల్లు. ఆ పొద్దున ఆయన చూస్తే పడమటి వైపు కొత్త ఊట కనిపించింది. పాత ఊటలు ఉన్నాయి, వాటి సంగతి అందరికీ తెలుసు. ఈ కొత్తది బురద రంగులో వస్తోంది.

పిల్లలూ, ఇది మీకు మొదటి ఏడాదే చెప్పి ఉండాలి. డ్యామ్ ఊరితే భయపడక్కర్లేదు. ఏ డ్యామ్ అయినా, ఏ చెరువు కట్ట అయినా కాస్త ఊరుతుంది. చూడాల్సింది రంగు. తేటగా వస్తే నీళ్లు మాత్రమే వస్తున్నాయి. రంగు మారి వస్తే, కట్టదో పునాదిదో మట్టిని మోసుకొస్తున్నాయి. లోపల ఖాళీ ఏర్పడుతోందని అర్థం. లస్కరుకు సర్టిఫికెట్ లేకపోయినా ఈ సంగతి తెలుసు.

ఫోన్ చేశాడు. ముల్హోలాండ్, సహాయకుడు వాన్ నార్మన్‌ను వెంటబెట్టుకుని కారులో వచ్చాడు. పెద్దాయనకు 72 ఏళ్లు. దాదాపు రెండు గంటలు తిరిగి చూశారు. ఊట నీళ్లు పుట్టే చోట తేటగానే ఉన్నాయి, కింద దారి కోసం వేసిన వదులు మట్టి మీంచి పారి బురద రంగు తేలుతున్నాయని తేల్చారు. డ్యామ్‌కు ఏం కాదని చెప్పి, మధ్యాహ్నం భోజనం వేళకు ఊరికి తిరిగి వెళ్లిపోయారు.

అబద్ధం చెప్పలేదు ఆయన. నిజంగానే నమ్మాడు. ఆయన వచ్చి చూశాక ఇక చూడాల్సింది లేదని అందరూ నమ్మారు. దీని గురించి నాకు తెలిసింది ఒకటి చెబుతాను, కాస్త పక్కకు పోతాను.

నేను అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన కొత్తల్లో, ఒక మట్టి కట్ట ప్రాజెక్టులో పని. పేరు చెప్పను. నవంబరు వానలు. మా లస్కరు, పెద్దాయన, తెల్లవారుజామున క్వార్టర్ తలుపు కొట్టాడు. చేతుల్లో రెండు పాత సోడా సీసాలు, నిండా నీళ్లు. "సారూ, ఇది నిన్నటిది" అని ఒకటి చూపించాడు, "ఇది ఇయాల్టిది" అని రెండోది చూపించాడు. నిన్నటిది తేట. ఇయాల్టిది కడుగు నీళ్లలా ఉంది. పదకొండింటికి మా పై ఆఫీసరు జీపులో వచ్చాడు. కట్ట మీదే నిలబడి, సీసా వైపు చూసి, "రాత్రి వానకు పై మట్టి కలిసుంటుందయ్యా" అన్నాడు. అంతే, జీపెక్కాడు. నేను నోరు విప్పలేదు. చేరి ఎనిమిది నెలలు కాలేదు, ఏం మాట్లాడతాను? లస్కరు నా మొహం చూశాడు, నేను పక్కకు చూశాను. ఆ సాయంత్రం ఆయనే ఊళ్లోంచి మనుషుల్ని పిలుచుకొచ్చాడు. ఇసుక, చిన్న కంకర, పెద్ద కంకర, ఆ వరసలో ఊట మీద పోశాం, నీళ్లు పోవాలి మట్టి పోకూడదు. రాత్రంతా లాంతరు పెట్టుకుని సీసాలు పట్టాం. మూడో రోజుకు తేటపడ్డాయి. కట్ట నిలిచింది, దానికి నాకు ఎవరూ మెమో ఇవ్వలేదు, మెడల్ కూడా ఇవ్వలేదు. (నవ్వులు) సెయింట్ ఫ్రాన్సిస్ కథ పూర్తిగా చదివింది రిటైరయ్యాక. ముల్హోలాండ్ అన్న మాట, మా ఆఫీసరు అన్న మాట ఒకటే అని చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు బయట కూర్చున్నాను.

మళ్లీ అక్కడికి వద్దాం. అర్ధరాత్రికి కాస్త ముందు ఒక ఉద్యోగి మోటార్‌సైకిల్ మీద డ్యామ్ పక్క రోడ్డున పైకి వెళ్లాడు. దాటి ఒక మైలు పోయాక వెనక గలగలమని శబ్దం విని ఆగాడు. ఈ కొండల్లో చరియలు విరగడం మామూలే కదా అనుకుని సాగిపోయాడు. డ్యామ్‌ను నిలబడి ఉండగా చివరిసారి చూసి బతికున్నవాడు ఆయనే. 11 గంటల 57 నిమిషాలకు లాస్ ఏంజెలెస్‌లో దీపాలు ఒక్క క్షణం రెపరెపలాడాయి. లోయలో వెళ్లే కరెంటు లైన్లు తెగాయి. ఊరికి అంతకు మించి ఏమీ తెలియలేదు.

నీళ్లన్నీ గంటా పావు లోపు ఖాళీ అయ్యాయి. అలల ముందు గోడ మొదట్లో 140 అడుగులు. ఉధృతి 17 లక్షల క్యూసెక్కులు ఉండవచ్చని లెక్కగట్టారు. 2009 కృష్ణా వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర నమోదైంది 11 లక్షల పైచిలుకు. కృష్ణ ఎంత వెడల్పు, ఆ లోయ ఎంత ఇరుకు, మీరే ఊహించండి. మైలున్నర దిగువన రెండో నంబరు పవర్‌హౌస్, దాని సిబ్బంది కుటుంబాలు. ఐదు నిమిషాల్లో చేరింది. 67 మందిలో ముగ్గురు బతికారు. ఒక కార్మికుడు తేలుతున్న ఇంటి కప్పు పట్టుకుని బతికాడు, భార్య, ముగ్గురు ఆడపిల్లలు పోయారు. మిగతా ఇద్దరు ఒక తల్లి, ఆమె చిన్న కొడుకు.

అక్కడి నుంచి సాంటా క్లారా నది పట్టుకుని పడమరకు. ఒక కరెంటు కంపెనీ లైన్ పనివాళ్లు నది ఒడ్డున గుడారాల్లో పడుకుని ఉన్నారు, 150 మంది దాకా. 84 మంది పోయారు. తలుపులు గట్టిగా కట్టుకున్న గుడారాలు కొన్ని బుడగల్లా తేలి లోపలివాళ్లను బతికించాయంటారు. 54 మైళ్లు పారి, తెల్లవారి ఐదున్నర ప్రాంతంలో సముద్రంలో కలిసింది. ఇప్పుడు ఎక్కువగా ఒప్పుకునే లెక్క కనీసం 431 మంది. తోటల్లో పనికొచ్చిన మెక్సికన్ కూలీలు ఎంత మంది ఉన్నారో ఏ రిజిస్టరులోనూ లేదు. కాబట్టి ఆ 'కనీసం' అనే మాటను గట్టిగా పలకండి.

సాంటా పాలా అనే ఊరి సంగతి మాత్రం చెప్పి తీరాలి. రాత్రి ఒకటిన్నరకు అక్కడి టెలిఫోన్ ఆపరేటర్ లూయిస్ గైప్‌కు కబురొచ్చింది. ఆమె స్విచ్‌బోర్డు వదిలి పోలేదు, ఒక్కో ఇంటికీ ఫోన్ చేస్తూ కూర్చుంది. ఇద్దరు పోలీసులు, థార్న్‌టన్ ఎడ్వర్డ్స్, స్టాన్లీ బేకర్, మోటార్‌సైకిళ్ల మీద పల్లపు వీధుల్లో తిరిగారు. ప్రతి ఇంటి తలుపూ కొడితే టైము చాలదు. అందుకని మూడిళ్లకు ఒకటి కొట్టి, పక్కవాళ్లను మీరే లేపండని చెప్పి ముందుకు పోయారు. వరద మూడు దాటాక వచ్చింది. వాళ్లిద్దరి విగ్రహం ఆ ఊళ్లో ఉంది, 2003లో పెట్టారు. మేం ఆ రోజే అక్కడికి కూడా వెళ్లాం. రెండు బళ్లు, ఒక మనిషి తలుపు కొడుతున్నట్టు. మా మనవడు విగ్రహం బండి ఎక్కి ఫోటో దిగాడు. నేను వద్దనలేదు.

విచారణలో ముల్హోలాండ్ వాదించలేదు. ఇంకెవరినీ తప్పు పట్టవద్దు, నా మీదే పెట్టండి, మనిషి పొరపాటు ఏదైనా ఉంటే ఆ మనిషిని నేనే అన్నాడు. చచ్చిపోయినవాళ్లను చూస్తే అసూయగా ఉందని కూడా అన్నాడు. ఇలా చెప్పినవాళ్లు మన శాఖల్లో ఎంత మంది ఉన్నారో మీరు ఉద్యోగాల్లో చేరాక లెక్కపెట్టండి. ఆ ఏడాది చివర్లో పదవి వదిలేశాడు, 1935లో పోయాడు.

విచారణ జరిపిన జ్యూరీ ఆయన మీద కేసు పెట్టమనలేదు. అయితే ఎంత గొప్పవాడైనా ఒక్కడి అభిప్రాయం మీద పెద్ద డ్యామ్ కట్టడం, నడపడం ఎప్పటికీ వదిలేయకూడదని రాసింది. 1929 ఆగస్టులో కాలిఫోర్నియా డ్యాములపై రాష్ట్ర తనిఖీ చట్టం తెచ్చింది. సివిల్ ఇంజనీర్లకు రిజిస్ట్రేషన్ కూడా ఆ ఏడాదే వచ్చింది. ఇదే ముల్హోలాండ్ హాలీవుడ్ కొండల్లో కట్టిన ఇంకో డ్యామ్‌లో మట్టం తగ్గించి, తరువాతి ఏళ్లలో కింది వైపు మట్టి పోసి చెట్లు పెంచారు. ఇప్పుడు అక్కడ జనం జాగింగ్ చేస్తారు.

రోజర్స్ పరిశోధన వచ్చాక చాలామంది ముల్హోలాండ్ తప్పు లేదని తేల్చేశారు. పాత చరియ ఉందని 1920ల్లో ఎవరికీ తెలిసే వీలు లేదు కదా అంటారు. చరియ వరకు ఒప్పుకుంటాను. 20 అడుగుల సంగతి ఏం చేద్దాం? పక్క భుజాల కింద పెట్టని డ్రెయిన్ల సంగతి? అప్‌లిఫ్ట్ గురించి అప్పటికే మిగతా ఇంజనీర్లు రాస్తున్నారు, జాగ్రత్తలు తీసుకుంటున్నారు. గ్లాసు నీళ్లలో రాయి వేయడానికి 1990ల దాకా ఆగక్కర్లేదు. ఆయనంటే నాకు ఇష్టమని ముందే చెప్పాను. ఇష్టం వేరు, లెక్క వేరు.

మన దగ్గరా ఇలాంటివి లేవనుకోకండి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి ఏమయ్యాయో మీలో రాజంపేట వైపు వాళ్లుంటే నాకంటే బాగా చెప్పగలరు. ఆ డిసెంబరులోనే డ్యాముల భద్రత చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. ఈ తెగడం వల్ల వచ్చింది కాదది, ఏళ్లుగా నలుగుతున్న బిల్లే. మీరు చేరేది ఆ చట్టం కింద. మీ పేరుతో సంతకం పెట్టే ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఊట రంగు రాసే గడి ఉంటుంది. "నార్మల్" అని రాసే ముందు ఒక సీసా పట్టి చూడండి. అయిదు రూపాయల పని.

ఇప్పుడు ఆ చోటుకు జాతీయ స్మారకం హోదా ఇచ్చారు, 2019 మార్చి 12న, సరిగ్గా అదే తేదీన చట్టమైంది. మేం వెళ్లినప్పుడు మాత్రం లోయలో మేం నలుగురమే. పవర్‌హౌస్‌ను 1928లోనే మళ్లీ కట్టారు, ఇప్పటికీ నడుస్తోంది, దాని దగ్గర ఒక ఫలకం ఉంది. కొంచెం దిగువన ఆ లోయలో పాతకాపు రూయిజ్ కుటుంబం శ్మశానం ఉంది. కొన్ని రాళ్ల మీద పేర్లు వేరు, పోయిన తేదీ ఒకటే.

తిరిగి వస్తూ లస్కరు ఇల్లు ఉండిన చోటు చూడాలనిపించింది. డ్యామ్ నుంచి పావు మైలు అని చదివాను కదా, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఆరు వందలు దగ్గర పడ్డాక ఆగాను. వాగు వంపు తిరుగుతోంది, ఒడ్డున చెట్లు, నీళ్లలో చిన్న చేపలు. ఇంటి ఆనవాలు ఏమీ లేదు. ఆయన శవం దొరకలేదు. ఆయనతో పాటు కొడుకు కూడా పోయాడు, పేరు కోడర్, ఆరేళ్లవాడు.

మా వాడు అక్కడే నీళ్లలో రాళ్లు విసురుతూ, "తాతా, ఈ నీళ్లు ఎక్కడికెళ్తాయి?" అని అడిగాడు. సముద్రంలోకి అన్నాను. వాడికి కూడా ఆరేళ్లే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

టైమయిందని మాస్టారు చెయ్యి చూపిస్తున్నారు. ఆ రాతి పెళ్ల మూతలో కరిగిన ఫోటోలు నా ఫోన్‌లో ఉన్నాయి, కావాలంటే టీ తాగుతూ చూపిస్తాను.